రెండు వరుసల పాటపెట్టె

రెండో గంట మోగగానే మంచుపేట జనం ఏడో నంబరు గది ముందు వరుస కట్టారు. గాలి సిలిండర్ల కోసమూ కాదు, మందుల కోసమూ కాదు. ఎప్పుడో పడుచుతనంలో విన్న పాటల ఆల్బమ్‌కి అట్ట మీద ఏ బొమ్మ ఉండేదో చూసుకోవడానికి. ఊళ్లో ఉన్నదే నాలుగు వందల పన్నెండు మంది. అందులో సగం మంది పని మానుకుని ఒక బొమ్మ కోసం నిలబడటం చూస్తే, ఈ మనుషులు భూమిని వదిలి గురుగ్రహం దాకా వచ్చారు గానీ భూమి వీళ్లను వదల్లేదని తెలిసిపోతుంది.

మంచుపేట కాలిస్టో మీద ఉంది. అది గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక ఉపగ్రహం. పైన మంచు, మంచు కింద ఎనభై మీటర్ల లోతున ఊరు. 2131లో ఆ ఊరికి ముప్ఫై ఏళ్లు నిండాయి. గోడల నిండా రంగురంగుల తెరలుండే రోజులు పోయి, ఇప్పుడు ఎక్కడ చూసినా మందపాటి గాజు పెట్టెలే. వాటిని అక్షరతెరలు అంటారు. నల్లటి గాజు మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకేమీ కనపడవు. ఉత్తరాలు, వంటగది జాబితాలు, గాలి పీడనం అంకెలు, పాటల పేర్లు, అన్నీ అక్షరాలే.

గది లోపల ఇస్సాకు కూర్చుని ఉన్నాడు. గనిలో డ్రిల్లు నడిపే మనిషి. అతని ఎదురుగా అక్షరతెర, చెవుల్లో పాట. తెర మీద అక్షరాలు చీమల్లా కదిలి, ఒకచోట గుమిగూడి, మరోచోట చెదిరి, మూడో పాట సగంలో ఉండగా ఒక ఆకారంగా నిలిచాయి.

"పడవ! అదే పడవ! ఎర్ర తెరచాప కట్టి ఉండేది, అదిగో!" అని అరిచాడు ఇస్సాకు.

"ఎరుపెక్కడిది ఇస్సాకూ? తెరంతా ఆకుపచ్చే కదా" అంది డాక్టర్ నఫీసా.

"మీకు కనపడదేమో మేడమ్. నాకు ఎర్రగానే ఉంది" అని కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

ఈ యంత్రం పేరు చూపురాత. దాన్ని తయారుచేసిన వాడు పైడిరాజు. ఊరి జ్ఞాపకమంతా దాచే నిల్వగదికి ఇంజనీరు, వయసు యాభై ఎనిమిది. జనం బయటికొస్తూ అతని చేతులు పట్టుకుని దండాలు పెడుతుంటే తల వంచుకునేవాడు. అది అణకువ అనుకున్నారు అందరూ. నిజానికి అది సిగ్గు. ఆ బొమ్మలన్నీ పోగొట్టినవాడు కూడా అతనే మరి.

ఆ ముచ్చట ఆరేళ్ల నాటిది. వేడి యంత్రం ఆగిపోయి చలి ఊళ్లోకి చొరబడింది. రంగు తెరలన్నీ ఆ చలిలోనే చచ్చాయి. నిల్వగదిలో జ్ఞాపకాన్ని దాచే పలకల్లో మూడింట రెండు వంతులు బీటలు వారుతున్నాయి. మిగిలిన ఆ ఒక్క వంతులో ఏం దాచాలో, ఏం వదిలెయ్యాలో తేల్చడానికి పైడిరాజుకు తొమ్మిది గంటల వ్యవధి దొరికింది. వైద్యం పుస్తకాలు దాచాడు. గాలి ప్లాంటు నక్షాలు, విత్తనాల వివరాలు దాచాడు. పాటలు కూడా దాచాడు. బొమ్మలు మాత్రం తుడిచేశాడు, ఫొటోలతో సహా. ఆల్బమ్‌ల అట్టలైనా ఉంచమని సభలో ఎవరో బతిమాలితే, "పాట వినేది చెవులతో కదండీ, దానికి బొమ్మెందుకు?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు తను చాలా తెలివైన మాట అన్నాననే అనుకున్నాడు.

ఆ సాయంత్రం భార్య వకుళ అడిగింది.

"నా పాటల అట్ట కూడా తీసేశారా ఏవండీ?"

"ఊరికో రూలు, ఇంటికో రూలూనా?" అన్నాడతను.

ఆమె లేచి పళ్లేలు సర్దింది. "మళ్లీ తీసుకుందాంలే" అని అతనే అన్నాడు. మళ్లీ తీసుకోవడానికి ఊళ్లో పనిచేసే కెమెరా లేదు, చూపడానికి తెర లేదు. ఆ తర్వాత మూడేళ్లకి ఊపిరితిత్తుల జబ్బుతో వకుళ కూడా లేదు.

వకుళ తోటగదిలో పనిచేసేది. దీపాల వెలుగులో ఆకుకూరలు, టమాటాలు పెంచే చోటు అది. మడుల మధ్య వంగి పని చేసుకుంటూ పాడేది. తోటి ఆడవాళ్లు పట్టుబట్టి పది పాటలు రికార్డు చేయించారు. 'తోటగది పాటలు' అని పేరు పెట్టి, అందరిలాగే దానికీ ఒక అట్ట తయారుచేసింది. పాటల వెనక నీళ్ల పంపు చప్పుడు కూడా ఉంటుంది. ఊరంతా ఆ పాటలు విన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, పైడిరాజుకి మాత్రం అవి ఇంట్లో రోజూ వినపడే గొంతే.

ఇప్పుడు ఆ గొంతు మిగిలింది, ముఖం మిగల్లేదు. గుర్తింపు కార్డుల మీద కంటిపాప గుర్తు తప్ప ముఖం ఉండదు. భూమి నుంచి వచ్చేటప్పుడు బరువు తగ్గించాలని కాగితం ఫొటో ఒక్కటీ తెచ్చుకోనివ్వలేదు. ఆమె పోయిన రెండేళ్లకి ఒకరోజు గడ్డం గీసుకుంటూ, వకుళ ముక్కుపుడక ఎడమవైపు ఉండేదా, కుడివైపా అని ఆలోచించి, తేల్చుకోలేక బ్లేడు కింద పెట్టేశాడు. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన భార్య ముక్కుపుడక ఏ వైపో ఇంకొకర్ని ఎలా అడుగుతాడు? ఆ రోజే అనుకున్నాడు, ఆమె అట్టబొమ్మని తిరిగి తెచ్చుకోవాలని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నాడు.

అక్షరాలతో బొమ్మ గీయడం పెద్ద కష్టం కాదు. తెర మీద ఎనభై గడుల చొప్పున ఇరవై నాలుగు వరుసలుంటాయి. గడిని ఖాళీగా వదిలితే చీకటి. చుక్క పెడితే మినుకుమంటుంది. 'గ' పెడితే సన్నటి వెలుగు, 'ఝ' పెడితే గడి నిండా వెలుగు. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే అక్షరాలు మాయమై బొమ్మ నిలుస్తుంది. ముగ్గు కూడా అంతే కదా, దగ్గర్నుంచి చూస్తే పిండి, దూరం నుంచి పద్మం.

కష్టమంతా ఏం గీయాలన్న దగ్గరే. అసలు బొమ్మ ఎక్కడా లేదు. అక్కడే నఫీసా కలిసొచ్చింది. ఆమె ఊరికున్న ఒక్క డాక్టరు, కళ్ల గురించి బాగా చదువుకున్న మనిషి.

"తెలిసిన వస్తువు కనబడగానే మన కనుపాప వెంట్రుకవాసి పెద్దదవుతుంది, పైడిరాజుగారూ. నోటితో అబద్ధమాడొచ్చు గానీ కనుపాపతో ఆడలేం" అని చెప్పింది.

దాని మీదే యంత్రం కట్టారు. మనిషికి పాట వినిపిస్తారు. తెర మీద అక్షరాలను అడ్డదిడ్డంగా చల్లుతారు. చూపు తడబడి ఆగి, కనుపాప పెద్దదైన చోట యంత్రం అక్షరాన్ని ఉంచేస్తుంది, మిగతావి చెరిపి మళ్లీ చల్లుతుంది. సెకనుకి నలభైసార్లు అలా జరుగుతుంది. ఆ పాట విన్న రోజుల్లో కంటి ముందు ఉన్న బొమ్మ కొంచెం కొంచెంగా తెర మీదకి వస్తుంది.

మొదటి నెలంతా ఊరు పండగ చేసుకుంది. రెండో నెలలో సత్తిబాబు, మాణిక్యం దంపతుల గొడవ వచ్చిపడింది. పెళ్లికి ముందు ఇద్దరూ విన్న ఆల్బమ్ ఒకటే. మాణిక్యం కూర్చుంటే అట్ట మీది తబలాలు వచ్చాయి. సత్తిబాబు కూర్చుంటే పొడుగాటి జడ వచ్చింది, చివర కుచ్చుల్తో సహా.

"ఎవరిదీ జడ?" అంది మాణిక్యం, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఒట్టు, నాకు తెలీదే. కాలేజీ బస్సులో ముందు సీటు పిల్ల. ముఖం ఏనాడూ చూళ్లేదు, జడే చూశాను."

"రెండేళ్లు జడే చూశావా?"

"ఆ బస్సులో అట్టబొమ్మ ఎక్కడుంటుందే? ఫోను జేబులో ఉండేది!"

వరుసలో నిలబడ్డవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నఫీసా మాత్రం నవ్వలేదు. వాళ్లు వెళ్లాక తలుపు మూసి, పైడిరాజుతో అంది.

"మనం జనానికి తప్పు చెబుతున్నామండీ. ఇది అట్టబొమ్మని గీయడం లేదు. పాట మోగుతున్నంతసేపూ ఆ మనిషి దేన్ని చూశాడో దాన్ని గీస్తోంది. చాలామంది అట్టను చూస్తూ వింటారు కాబట్టి అట్ట వస్తోంది, అంతే."

"అంతేగా, పోనీండి. చూసినవాళ్లకు వస్తుంది."

"మరి మీరెప్పుడు కూర్చుంటారు? రెండు నెలల్నుంచీ చూస్తున్నాను, ఊరందరినీ కూర్చోబెట్టారు. మీకోసమే కదా ఇదంతా కట్టింది."

పైడిరాజు తెర మీది అక్షరాలు చెరిపేశాడు. ఎందుకు వాయిదా వేస్తున్నాడో అతనికే సరిగా తెలీదు. ఆకలి వేసినవాడు పళ్లెంలోని తీపిని చివరికి దాచుకున్నట్టు దాచుకుంటున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. ఆ మాట ఎంత నిజమో మర్నాడు తేలింది.

మర్నాడు మూడో గంటకి వరుసను పంపించేసి కుర్చీలో కూర్చున్నాడు. నఫీసా 'తోటగది పాటలు' పెట్టింది. నీళ్ల పంపు చప్పుడు, ఆ తర్వాత వకుళ గొంతు. ఆమె మొదటి పాటకి ముందు చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే పైడిరాజు కళ్లు చెమర్చాయి.

"కళ్లు తుడుచుకోండి. యంత్రానికి కనుపాప కనపడదు" అంది నఫీసా మెల్లగా.

అక్షరాలు కదిలాయి. మొదటి పాట అయిపోయింది, తెర మీద ఏమీ నిలవలేదు. రెండో పాటలో తెర పై భాగమంతా చీకటి పడింది. మూడో పాటలో అట్టడుగున, చివరి రెండు వరుసల్లో, ఏదో మెరవడం మొదలైంది. పైడిరాజు ముందుకు వంగాడు. చీర అంచేమో అనుకున్నాడు. అది ఎడమ నుంచి కుడికి సాగే ఒక అడ్డగీత. గీత పైన ఫైలు పేరు. గీత పక్కన అంకెలు, గడిచింది మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు, మిగిలింది ఒక నిమిషం ఇరవై ఎనిమిది.

"యంత్రం చెడిపోయింది. సెన్సరు చూడండి" అన్నాడు.

నఫీసా సెన్సరు చూసింది. తన కళ్లతో, తన పాటతో పరీక్షించింది. ఆమెకి చిన్నప్పటి అట్ట, గులాబీల గిన్నెతో సహా, నిమిషాల్లో వచ్చింది. మళ్లీ అతన్ని కూర్చోబెట్టింది. మళ్లీ అదే గీత, ఈసారి ఇంకా స్పష్టంగా.

"ఇదేంటండీ ఇది?" అని అడిగింది.

"పాటపెట్టె" అన్నాడు పైడిరాజు.

పాటపెట్టె అంటే పాటలు వినిపించే ప్రోగ్రాము. అదీ అతను రాసిందే, ఊరికి వచ్చిన కొత్తలో. నిల్వగదిలో మొదటి నుంచీ ఉన్నది అక్షరతెరే, దాని పై ఇరవై రెండు వరుసల్లో ఎప్పుడూ పని అంకెలు నడుస్తూ ఉండేవి. అడుగున రెండంటే రెండు వరుసలు పాటలకి వదిలాడు. ఒక వరుసలో పేరు, ఇంకో వరుసలో ఎంత గడిచింది, ఎంత మిగిలింది అని చెప్పే గీత. బొమ్మకి చోటు దండగ అని అసలు పెట్టనే లేదు. వకుళ తన పది పాటలూ తెచ్చి ఇచ్చిన రోజున, ఆమె వెనక నిలబడి ఉండగా, అతను అందులోనే వేసుకుని విన్నాడు. విన్నాడని అనడానికి లేదు. పంపు పీడనం అంకెలు సరిచూస్తూ, పాట ఇంకా ఎంత మిగిలిందో మధ్యమధ్యలో గీత వంక చూశాడు.

"అట్ట చూశారా?" అని అడిగింది ఆమె మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర.

"ఆ, చూశా. బావుంది."

అంత చిన్న అబద్ధాన్ని అబద్ధమని కూడా ఎవరూ అనరు. లోకంలో ప్రతి ఇంట్లోనూ రోజుకి పదిసార్లు దొర్లే మాట. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆ అట్ట గోడ తెరల మీద ఉంది, వంటగదిలో ఉంది, తోటగదిలో ఉంది. చూశానని ఒకసారి చెప్పేశాడు కాబట్టి మళ్లీ చూడాల్సిన పని పడలేదు. తుడిచేసిన రోజున కూడా తెరిచి చూడలేదు.

నఫీసా ఏదో ఓదార్పు మాట చెప్పబోయింది. "మీరు పనిలో ఉండి..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎటూ పోదని తెలిసి ఆపేసింది.

చివరికి ఆమే ఒక దారి చెప్పింది. అట్టను బాగా చూసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లను కూర్చోబెట్టవచ్చు. తోటగదిలో వకుళ పక్క మడిలో పదిహేనేళ్లు పనిచేసిన సన్యాసమ్మ ఉంది. విజయనగరం వైపు మనిషి. అరవై ఏడేళ్లొచ్చినా ఇంకా గోంగూర మడి ఎవరికీ అప్పజెప్పదు.

సన్యాసమ్మ మట్టి చేతులతోనే వచ్చింది.

"ఏటి బావూ, ఈ పని ముందే సెప్పకపోయావా? మా వకుళమ్మ అట్ట నాకు కళ్లల్లోనే ఉంది. మొదటిరోజు పది పాటలూ దాని ముందర కూకునే ఇన్నాం, నలుగురం. మడికి నీళ్లెట్టడం కూడా మరిసిపోయాం."

"అయితే కూర్చో అప్పా" అన్నాడు పైడిరాజు. అతను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దూరం నుంచి అయితే బొమ్మ బాగా కుదురుతుంది.

పాట మొదలైంది. దగ్గు, పంపు చప్పుడు, గొంతు. సన్యాసమ్మ కళ్లు పెద్ద నదిలో చేప కోసం చూసేవాళ్ల కళ్లలా కదలకుండా ఉన్నాయి. మొదటి పాట పూర్తి కాకముందే తెర నడుమ ఒక మనిషి ఆకారం నిలిచింది. భుజాలు. మెడ. తల. పైడిరాజు పాట వినడం మానేసి ఆ తల వైపే చూశాడు. ఇక ముఖం రావాలి. ముక్కు రావాలి, ముక్కుపుడక రావాలి.

రెండో పాట అయింది. తల ఉంది గానీ ముఖం రాలేదు. అక్కడ కురచ జుట్టు వచ్చింది. భుజాల మీద చీర రాలేదు, చొక్కా కాలరు వచ్చింది.

"అప్పా, ముఖం గుర్తు చేసుకో" అన్నాడు.

"ముఖం నేదు బావూ."

"లేకపోవడమేంటి? అట్ట మీద వకుళ ముఖం ఉండదా?"

సన్యాసమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "అట్ట మీద వకుళమ్మ నేదు గదా. నువ్వే. ఈపు ఇటెట్టి కూకున్నావు. నీకు తెల్దేటి?"

నఫీసా పాట ఆపలేదు. ఆపాలని తోచలేదు ఆమెకి. మూడో పాటకి బొమ్మ పూర్తయింది. కుర్చీలో అటు తిరిగి కూర్చున్న ఒక మనిషి, అతని ముందు అక్షరతెర, పక్కన స్టీలు గ్లాసు. మెడ కొంచెం ఎడమవైపు వాలి ఉంది. బొమ్మలోని తెర అడుగున రెండు సన్నటి వరుసలు మెరుస్తున్నాయి. వాటిలో ఒకటి అడ్డగీత.

"నువ్వు మొదటిసారి దాని పాట ఇంటన్నప్పుడు యెనకాల నిలబడి తీసిందంట. మాకందరికీ సూపించి ఒకటే మురిసిపోయింది. 'సూడు సన్యాసమ్మా, నా పాట ఇంటంటే ఆయన మెడ అలా వాలిపోద్ది' అనీది. నిన్ను అడిగితే బాగుందన్నావంట. అంతకన్నా ఇంకేటి కావాలనీది."

పైడిరాజు చెయ్యి తన మెడ మీదకి వెళ్లింది. ఆ మెడ వాలు అతనికి బాగా తెలుసు. నలభై ఏళ్లప్పటి నుంచీ ఉన్న నరం నొప్పి. వంగి కూర్చుంటే మెడ ఎడమకి లాగుతుంది. కంగారు పడుతుందని వకుళకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె దాన్ని తన పాట మీది ఇష్టం అనుకుంది. కంటికి ఎదురుగా ఉన్నదాన్ని అతను చూడలేదు. చూసినదానిలో ఆమె తనకి కావలసిన దాన్ని చూసుకుంది. ఇద్దరిలో ఎవరు నయమో చెప్పే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

"అప్పా" అన్నాడు. ఇన్నాళ్లూ సిగ్గుతో మింగిన మాటని ఇక దాచుకుని లాభం లేదు. "వకుళ ముక్కుపుడక ఏ వైపు ఉండేది?"

సన్యాసమ్మ అప్పుడు వెనక్కి తిరిగి అతని వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"కుడేపు బావూ" అంది. "తెల్లరాయి."

ఆమె వెళ్లిపోయాక పైడిరాజు ఆ బొమ్మను నిల్వగదిలో దాచమని రాశాడు. మొత్తం పందొమ్మిది వందల ఇరవై అక్షరాలు. పాత రోజుల్లో అయితే తుడిచెయ్యడానికి కూడా లెక్కలోకి రానంత చిన్నది. నఫీసా దీపం తగ్గించి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఇంకోసారి ప్రయత్నిస్తారా? ఇప్పుడు అట్టను చూశారు కదా. ఇకమీదట ఆ పాటకి మీకూ ఇదే వస్తుంది."

"నా వీపు నాకెందుకండీ" అన్నాడు.

ఆమె వెళ్లాక నిల్వగదికి పోయి, తన పాత కుర్చీలో కూర్చుని పాటలు మొదటి నుంచి పెట్టుకున్నాడు. తెర మీద బొమ్మ ఉంది, దాని అడుగున మామూలుగానే రెండు వరుసలు వెలిగాయి. వకుళ దగ్గింది. పైడిరాజు కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పుకున్నాడు. ఆ రోజు ఆమె కెమెరా పట్టుకుని నిలబడి ఉండే దూరం ఎంతో లెక్కగట్టి, సరిగ్గా ఆ చోటును చూస్తూ కూర్చున్నాడు. అక్కడ బూడిద రంగు గోడ, గాలి వచ్చే జాలీ ఉన్నాయి. ఇకమీదట చూపురాత ముందు ఎప్పుడు కూర్చున్నా ఈ పాటకి తనకి వచ్చేది ఈ జాలీ గోడేనని అతనికి తెలుసు.

"చాలా బావుంది వకుళా" అన్నాడు గోడతో.

పది పాటలూ అలాగే విన్నాడు. వెనకాల గీత ఎంతదాకా వచ్చిందో ఈసారి చూడలేదు.